కడిగిన కారులో దొరకని చప్పుడు

మహబూబ్‌నగర్‌లో ఒక కార్ల వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ఫోర్‌మన్‌గా దిగిపోయాను. ఐటీఐ ముగించి కొత్తగా పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన రిపేరు ఏది?" అని అడుగుతుంటారు. ఇంజను మొత్తం దింపి ఎక్కించిన కథ ఏదో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది మాత్రం ఒక చక్రం చప్పుడు గురించి. అందులో మూడుసార్లు ఓడిపోయి నాలుగోసారి గెలిచాను. గెలిచిన సంగతి చెప్పుకోవడానికి నాకు మొహమాటం ఏమీ లేదు. ఓడిన సంగతులు చెప్పుకోవడానికే కొంచెం గొంతు సవరించుకోవాలి.

ముందు నా గొప్ప కాస్త వినండి. మాది మోత్కూరు దగ్గర నేత కుటుంబం. బాపు మగ్గం గుంటలో కూర్చొని నేస్తుంటే, నేను పక్కన కండెలు చుట్టేవాణ్ణి. పోగును అటూ ఇటూ మోసే నాడె ఆడే చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా ఆయన తల ఎత్తకుండానే "పోగు తెగింది, సూడు" అనేవాడు. చూస్తే తెగే ఉండేది. ఆ చెవి నాకూ వచ్చిందని నా నమ్మకం. వర్క్‌షాపులో కూడా అదే పేరు పడింది. ఏ కారులో ఏ చప్పుడొచ్చినా పక్క సీట్లో కూర్చొని ఒక రౌండు తిరిగి, ఫలానా భాగం పోయిందని చెప్పేసేవాణ్ణి. పదింటిలో తొమ్మిది నిజమయ్యేవి. పదోది ఎవరికీ గుర్తుండేది కాదు, నాకు అసలే గుర్తుండేది కాదు.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు, చలికాలం మొదట్లో, ఒక నర్సమ్మ ఎర్ర కారు తెచ్చింది. కోస్గి వైపు ఒక పల్లె ఆమెది. అక్కడికి ముప్పావు గంట దూరంలో ఉన్న సర్కారు దవాఖానలో ఉద్యోగం. తాతల కాలం నుంచి ఒకరి పొలంలో కూలి చేసుకున్న కుటుంబం. ఆ ఇంట్లో మొదటి నెల జీతం ఆమెదే, మొదటి కారూ ఆమెదే. అద్దం దగ్గర చిన్న కొయ్య సిలువ వేలాడుతుండేది. కొని ఆరు నెలలు కూడా కాలేదు, సీట్ల మీద కవర్లు అలాగే ఉన్నాయి.

"అన్నా, నలభై దాటితే ముంగటి చక్రం కాడ గర్రుగర్రుమంటాంది" అంది.

పక్కన కూర్చొని ఒక రౌండు తిరిగాను. ఎడమ ముందు చక్రం. సందేహమే లేదు, బేరింగు. అదే మాట జాబ్ కార్డు మీద రాయించాను. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, ఏ బండైనా ముందు వాటర్ సర్వీసింగ్‌కు పోవాలి. అడుగు భాగం నుంచి శుభ్రంగా కడిగాకే ర్యాంపు ఎక్కాలి. బురద బండి మీద మెకానిక్ చేయి వేయకూడదని మా మేనేజరు పట్టుదల. కారు కడుక్కొని వచ్చింది, ర్యాంపు ఎక్కింది, బేరింగు మార్చాం, చప్పుడు పోయింది. ఆమె దండం పెట్టి పోయింది. నేను మీసం దువ్వుకున్నాను.

విప్పిన బేరింగును చేత్తో ఒకసారి తిప్పి చూడాలన్నది పని నేర్చుకున్న మొదటి నెలలోనే తెలిసే సంగతి. నేను చూడలేదు. చెవి చెప్పాక చేతితో పనేముంది అనుకున్నాను.

పది రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. అదే చక్రం, అదే చప్పుడు. ఈసారి విన్నప్పుడు బ్రేకు వైపు నుంచి వస్తున్నట్టు తోచింది. కడిగించి, బ్రేకు ప్యాడ్లు మార్పించాను. చప్పుడు పోయింది. మేనేజరు నా వైపు ఒక చూపు చూశాడు. కొత్త బండి కదా, ఇలాంటివి ఉంటాయి అని నేనే నలుగురికీ సర్దిచెప్పాను.

మూడోసారి ఆమె వచ్చిన రోజు నేను ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే కారును కడిగేసి నీడలో పెట్టారు. తాళం తీసుకొని హైవే మీదికి తీసుకుపోయాను. నలభై, అరవై, ఎనభై. ఎంత తొక్కినా చప్పుడు లేదు. స్టీరింగు కుడికి కోశాను, ఎడమకు కోశాను, బ్రేకు కొట్టాను. పిల్లిలా పోతున్నది. తిరిగి వచ్చేసరికి రిసెప్షన్‌లో పదిమంది దాకా కూర్చొని ఉన్నారు. రెండుసార్లు పరువు పోయిన కడుపుమంట నాకు ఉండనే ఉంది. అందరి ముందూ అనేశాను:

"మేడం, చప్పుడు బండిల లేదు. మీ చెవులల్ల ఉన్నది."

ఎవరో నవ్వారు. నవ్వు ఒకచోట మొదలైతే ఆగుతుందా, గదంతా నవ్వింది. ఆమె లేచింది. తాళం తీసుకొని, చున్నీ సవరించుకొని, కారు తోలుకొని వెళ్లిపోయింది. పిల్లలూ, ఏ పనిముట్టు ఎలా వాడాలో మీకు ఎవరైనా నేర్పుతారు. నోరు ఎప్పుడు మూసుకోవాలో ఎవరూ నేర్పరు. ఆ మాట తలచుకుంటే ఇవాళ్టికీ నాకు సిగ్గేస్తుంది.

వారం తిరక్కముందే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి కారు లేదు, బస్సులో వచ్చింది. నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, మీరు నన్ను నమ్మకుంటె నమ్మకుండ్రి. ఒక్కసారి నా పక్కన కూసొని మా ఊరిదాంక రండ్రి. ఐతారం నాడు కారు పోతాంది."

"అమ్ముతున్నరా?"

"మా ఆయన బేరం పెట్టిండు. మీ తాన మూడుసార్లు ఇచ్చినా చప్పుడు పోకపాయె. చక్రం ఊడి ఏ కాల్వలనో పడ్తవు, కారు కన్న నీ పానం ఎక్కువ అంటాండు. ఆయన మాట గూడ తప్పేం కాదు."

మిగతా సంగతి ఆమే చెప్పింది. వాళ్ల ఊరికి పొద్దున మొదటి బస్సు తొమ్మిదిన్నరకు. డ్యూటీ ఎనిమిదింటికి. భర్తకు ఊళ్లో చిన్న కిరాణా దుకాణం, పొద్దున్నే తెరవకపోతే నడవదు. అందుకని కారు కొనకముందు రెండేళ్లు ఆమె దవాఖాన దగ్గర కిరాయి రూములో ఒక్కతే ఉండేది. నాలుగేళ్ల పాప ఊళ్లో అమ్మమ్మ దగ్గర. వారానికి ఒక్కరోజు చూపు.

"నన్ను సూస్తె అమ్మమ్మ ఎనక దాక్కుంటుండె అన్నా. ఐతారం ఐతారం వచ్చే సుట్టాన్ని అయిన. గీ కారొచ్చినంకనే దినాం నా పక్కల పండుకుంటాంది. కారు పోతే నేను మల్ల గా రూముకే పోవాలె."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. నాకే చూపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. శనివారం డ్యూటీ దిగే వేళకు దవాఖాన దగ్గరికి వస్తానని మాటిచ్చాను. మేనేజరుకు చెబితే, "ఇంటింటికి పోయి చప్పుళ్లు ఇనుకుంట కూసుంటే ఇక్కడ బండ్లు ఎవరు జూడాలె?" అన్నాడు. సగం రోజు సెలవు చీటీ రాసిచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ఎందుకంటే, ఆయన వచ్చిన తర్వాత నేను సెలవు పెట్టడం అదే మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగి, ఆమె పక్క సీట్లో కూర్చున్నాను. దవాఖాన గేటు దాటి రోడ్డెక్కి నలభై అందుకోగానే వినిపించింది. గర్రు, గర్రు, గర్రు. ఆమె నా వైపు చూడలేదు. చూస్తుందేమోనని నేనే భయపడ్డాను. చప్పుడు ఉంది. గట్టిగా ఉంది. నేను మర్యాదగా ఒప్పుకున్నాను.

"ఉన్నది చెల్లె. నేనే గాడిదను."

"గట్లనకుండ్రి అన్నా" అంది కానీ, మూతి పక్కన చిన్న నవ్వు కనిపించింది.

ఆ తర్వాత నా విద్యంతా బయటికి తీశాను. కుడికి కోయించాను. బేరింగైతే చప్పుడు మారాలి, మారలేదు. బ్రేకు మెల్లగా తొక్కించాను. ప్యాడ్లయితే ఆగాలి, ఆగలేదు. న్యూట్రల్‌లో వదిలించాను. వేగంతో పాటు తగ్గింది, అంతే. రేకును రేకుతో గీకినట్టుంది, మళ్లీ మధ్యలో మెత్తబడుతోంది. ఇన్నేళ్లలో నేను విన్న చప్పుళ్ల జాబితాలో ఇది లేదు. సగం దారి అయిపోయింది. రేపు కారు అమ్ముడుపోతుంది, ఆ పాప మళ్లీ అమ్మమ్మ వెనక దాక్కుంటుంది, నేను బస్సెక్కి ఇంటికి పోతాను. ఇంతేనా నా చెవి అనుకున్నాను.

పెద్ద రోడ్డు వదిలి వాళ్ల ఊరి రోడ్డెక్కాం. ఊరు ఇంకో కిలోమీటరు ఉందనగా తారు రోడ్డు కనిపించడం మానేసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉలవ తీగలు పరిచి ఉన్నాయి. వాన మీద ఆధారపడిన చేలు కదా, ఆ కాలంలో ఆ వైపు ఎక్కడ చూసినా ఉలవలే. నూర్చడానికి ఎద్దులు లేవు, కల్లాలు లేవు. రోడ్డు మీద పరిస్తే వచ్చే పోయే బండ్లే తొక్కి, గింజ రాలుస్తాయి. నేను పుట్టి పెరిగిందీ ఇలాంటి ఊళ్లలోనే కాబట్టి అదేమీ వింతగా తోచలేదు. ఆమెకైతే అసలే తోచలేదు. రోజూ రెండుపూటలా పోయే దారి. వేగం తగ్గించి సరాసరి తీగల మీదికి ఎక్కించింది.

రోడ్డు పక్కన ఒక ముసలామె చేతిలో కర్రతో నిలబడి ఉంది. కారును చూడగానే ముఖం విప్పారింది.

"వచ్చినవా బిడ్డా! గా కొసదాంక పోయి మర్లి రా. పొద్దుగాల తొక్కిచ్చింది సగమే రాలింది. ఇంకో నాలుగు సుట్లు తిప్పు" అంది.

"మా అమ్మ" అని ఆమె నాకు చెప్పి, కారును తిప్పడానికి సిద్ధమైంది.

అప్పుడు నాకు కింద నుంచి వినిపించింది. గర్రుమనే చప్పుడులోకి తీగలు చుట్టుకునే సరసర కలుస్తోంది. చప్పుడు నేను వింటుండగానే పెరుగుతోంది.

"ఆపు! చెల్లె, ఆపు!" అని అరిచాను. ఆమె బ్రేకు కొట్టింది. ముసలామె ఎవరినో తొక్కించామనుకొని "ఓ దేవా!" అని పరుగెత్తుకొచ్చింది.

నేను ఇస్త్రీ చొక్కాతోనే ఆ తీగల మీద వెల్లకిలా పడుకొని కారు కిందికి దూరాను. ఎడమ ముందు చక్రం వెనక, ఇరుసు మీద, ఉలవ తీగలు జడ అల్లినట్టు చుట్టుకొని ఉన్నాయి. మోచేయి అంత లావు. రోజుల తరబడి చుట్టుకొని, దుమ్ముతో, గ్రీజుతో గట్టిపడి, పక్కనున్న పల్చటి రేకును నెట్టేశాయి. బ్రేకు డిస్కు మీద దుమ్ము పడకుండా ఉండే రేకు అది. అది పోయి డిస్కును గీకుతోంది. అంతే. బేరింగు లేదు, ప్యాడ్లు లేవు. ట్రాక్టరు ఇరుసు ఎత్తులో ఉంటుంది కాబట్టి దానికి అంటదు. కారు ఇరుసు కిందికి ఉంటుంది.

"కొడవలి ఉన్నదా అమ్మా?" అని కింద నుంచే అడిగాను.

ముసలామె కొడవలి ఇచ్చింది. కోసి, పీకి, మళ్లీ కోసి, గంపెడు చెత్త బయటికి తోశాను. నేను బయటికి వచ్చేసరికి ఊరు సగం అక్కడే ఉంది. దుకాణం వదిలేసి ఆమె భర్త కూడా వచ్చి, ఆ తీగల జడను చేతిలో పట్టుకొని చూస్తున్నాడు. పాప ఆయన చంకలో ఉంది.

"గిదేనా సార్? గింతకేనా?" అన్నాడు.

"ఎక్కు. నడిపి సూద్దాం."

తీగలు లేని దారిలో నలుగురం రెండు కిలోమీటర్లు పోయాం. నలభై, అరవై. గాలి తప్ప ఏమీ లేదు. భర్త ముఖం వికసించింది. కానీ నేను అప్పటికే మూడుసార్లు గెలిచి ఓడినవాణ్ణి. "ఆగుండ్రి, ఇంకో పని ఉన్నది" అని కారును మళ్లీ ఆ తీగల దగ్గరికి తోలించాను. ముసలామె కోరినట్టే నాలుగు కాదు, పది చుట్లు తిప్పించాను. ఊరివాళ్లకు నాకు పిచ్చి పట్టిందనిపించి ఉంటుంది. మంచి రోడ్డు ఎక్కగానే గర్రు మొదలైంది. నాకు అంత కమ్మగా వినిపించిన చెడ్డ చప్పుడు నా జీవితంలో ఇంకోటి లేదు. మళ్లీ కిందికి దూరి తీగలు తీశాను. చప్పుడు పోయింది. తెప్పిస్తే వచ్చింది, తీస్తే పోయింది. ఇంక దీన్ని కాదనేవాడు ఎవడూ లేడు.

ముసలామె మాత్రం నెత్తి కొట్టుకుంది. "నేనే తొక్కిచ్చిన బిడ్డా, నేనే జేసిన. నీ కారున్నదని ఊరందరి ఉలువలు గూడ తొక్కిచ్చిన. నా బిడ్డ కారు సూడుండ్రని జెప్పుకుంట తొక్కిచ్చిన."

కూతురు నవ్వుతూ ఆమెను పొదువుకుంది. నేను అందరి ముందూ ఒక మాట చెప్పాలనుకున్నాను, చెప్పాను. వర్క్‌షాపులో పదిమందిలో ఈ అమ్మను ఎగతాళి చేశాననీ, తప్పు నా చెవిదే అనీ. ఆ రోజు వర్క్‌షాపులో నవ్వినవాళ్లు అక్కడ లేరు, అదొక్కటే లోటు. భర్త ఫోను తీసి, కారు కొనడానికి రేపు రావలసిన మనిషికి చేశాడు. "రావొద్దు, కారు అమ్ముతలేను" అన్నాడు. ఎందుకని అవతలి మనిషి అడిగినట్టున్నాడు. "ఎందుకంటె మాకు పని ఉన్నది దానితోని" అని పెట్టేశాడు. ముసలామె నన్ను తినకుండా కదలనివ్వలేదు. ఉలవచారుతో రెండుసార్లు అన్నం పెట్టింది. నా చొక్కా మాత్రం మళ్లీ తెల్లబడలేదు.

బస్సులో తిరిగి వస్తుంటే ఒక సంగతి తొలచడం మొదలుపెట్టింది. ఇంత లావు జడ మూడుసార్లూ మా ర్యాంపు మీద మాకెందుకు కనిపించలేదు?

సోమవారం పొద్దున ఏడున్నరకే, పని మొదలుపెట్టే ముందు అందరం నిలబడి మాట్లాడుకునే అలవాటు మాకు. అక్కడ కథంతా చెప్పాను. మెకానిక్కులు ఆశ్చర్యపోయారు. వెనక వరసలో, తడి ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకొని నిలబడ్డ పెద్దాయన మాత్రం ఆశ్చర్యపోలేదు. మా దగ్గర బండ్లు కడిగేది ఆయనే.

"గా ఎర్ర కారా? మూడుసార్లు తీసిన సారు. మొదటిసారి గంపెడు ఎల్లింది. నీళ్లు గట్టిగ కొడితె నాని, ఊడొచ్చింది" అన్నాడు.

"మరి చెప్పలేదేంది?"

"నన్నెవరు అడిగిండ్రు?"

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికాం మేము. మూడుసార్లూ ఆ కారును బాగుచేసింది ఆయన. నీళ్లు చేసిన పనికి మేము ఒకసారి బేరింగు పేరు, ఒకసారి ప్యాడ్ల పేరు పెట్టుకున్నాం. కడిగాక, విప్పకముందు ఒక్కసారి నడిపి చూసినా దొంగ దొరికేవాడు. చూడలేదు. మూడోసారి ఆయన నాకంటే ముందు పని ముగించాడు కాబట్టి, నేను ఆమెను పిచ్చిదాన్ని చేశాను.

మేనేజరు ఆ కారు జాబ్ కార్డులు తెప్పించి చూశాడు. మనిషి పట్టుదల గలవాడే కానీ న్యాయం తెలిసినవాడు. మార్చిన భాగాల ఖర్చు ఆమెకు వెనక్కి ఇమ్మన్నాడు. ఆ రోజు నుంచి చప్పుడు అని వచ్చిన బండి కడగకముందు ర్యాంపు ఎక్కాలి, పక్కన ఆ పెద్దాయన నిలబడి చూడాలి అని చెప్పాడు. ఆయన చూసిందేమిటో జాబ్ కార్డు మీద మొదటి వరుసలో రాయాలని కూడా అన్నాడు. పెద్దాయన ప్యాంటు మడతలు దింపుకొని, తల కొంచెం ఎత్తి నిలబడ్డాడు.

ఇంతలో నా ఫోను మోగింది. నర్సమ్మ భర్త. అందరూ అక్కడే ఉన్నారు కదా అని స్పీకరు పెట్టాను.

"సార్, కారుల ఉన్నం. ఆమెను దవాఖాన కాడ దింపి, పాపతోని నేను బస్సుల మర్లొస్త. దుకాణం ఇయ్యాల జర ఆలస్యంగ తెరుస్త. సార్, ఒక్క నిమిషం ఇనుండ్రి."

ఫోనును కిందికి, చక్రం వైపు పట్టుకున్నాడట. మేనేజరు, మెకానిక్కులు, పెద్దాయన, అందరం తలలు దగ్గర పెట్టి విన్నాం. గాలి వీస్తోంది. ఎక్కడో ఒక బస్సు హారను. వెనక సీట్లో పాప, "అమ్మా, ఇంకా జోరుగ పోనియ్యి" అంటోంది.

"ఏమన్న వినొస్తాందా సార్?"

"ఏం వినొస్తలేదు" అన్నాను.

"గదే సార్. గదే ఇనిపిద్దామని ఫోన్ చేసిన."